వీడియో గేములు, మెదడు, బడి చదువు: పరిశోధనలు నిజంగా ఏం కొలిచాయి?

ప్రశ్న
అడిగినవారు: ఇంటిపట్టు

మా అబ్బాయికి పదమూడేళ్లు. సాయంత్రం పూట స్నేహితులతో కలిసి ఫోన్‌లో తుపాకుల ఆట ఆడతాడు. సెలవులు వస్తే మైన్‌క్రాఫ్ట్‌లో కోటలు కడుతూ కూర్చుంటాడు. ఈ విషయంలో మా ఇంట్లోనే రెండు పక్షాలున్నాయి. ఇలాంటి ఆటల వల్ల చూపులో చురుకుదనం, ఏకాగ్రత, నిర్ణయం తీసుకునే వేగం పెరుగుతాయని శాస్త్రవేత్తలే తేల్చారని మా మరిది అంటాడు. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన వక్త మాత్రం, ఆడుతున్నంతసేపూ మెదడులో డోపమైన్ ఊరుతుందనీ, అది మత్తుమందుతో సమానమనీ, జ్ఞాపకశక్తికి ఆధారమైన భాగమే కుంచించుకుపోతుందనీ చెప్పారు. ఇద్దరూ పరిశోధనలను ఉదహరిస్తూనే మాట్లాడుతున్నారు. నేను శాస్త్రం చదువుకున్నదాన్ని కాను గాని, ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు బోధపడడం లేదు.

ఆటలు మంచివా చెడ్డవా అన్న తీర్పు నాకు అక్కరలేదు. ఆ ప్రయోగాలు ఎవరి మీద చేశారు, ఏం కొలిచారు, అలా కొలిచినదానికీ బడి చదువుకూ సంబంధం ఉందా అన్నది తెలిస్తే చాలు. దీనితో పాటే మరో సందేహం: జ్ఞాపకశక్తిని పెంచుతామంటూ డబ్బు తీసుకునే యాప్‌లు ఉన్నాయి కదా, తుపాకుల ఆటకు బదులు వాటిని అలవాటు చేస్తే ఏమైనా ప్రయోజనం ఉంటుందా?


సమాధానం
రాసినవారు: కొలబద్ద

మీ మరిదిగారి మాటకు మూలం 2003లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన అయి ఉండాలి. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో షాన్ గ్రీన్, డాఫ్నీ బవెలియర్ అనే ఇద్దరు పరిశోధకులు, తుపాకుల ఆటలు బాగా ఆడేవారినీ అసలు ఆడనివారినీ పోల్చి చూశారు. తెర మీద రెప్పపాటు కాలం మెరిసి మాయమైన గుర్తులు ఎన్నో చెప్పడంలోనూ, చూపును మధ్యలోనే నిలిపి అంచుల్లో కనిపించినదాన్ని పట్టుకోవడంలోనూ, వేగంగా ఒకదాని వెంట ఒకటి వచ్చే అక్షరాల్లో రెండో లక్ష్యాన్ని జారవిడవకుండా ఉండడంలోనూ ఆటగాళ్లే ముందున్నారు. ఇంతవరకే అయితే దానికి పెద్ద విలువ ఉండేది కాదు, ఎందుకంటే పుట్టుకతోనే చురుకైన చూపు ఉన్నవారు అలాంటి ఆటల వైపు మొగ్గి ఉండవచ్చు. అందుకని వారు ఆటలు అలవాటు లేనివారిని తీసుకుని, రోజుకొక గంట చొప్పున పది రోజుల పాటు, ఒక జట్టు చేత ‘మెడల్ ఆఫ్ ఆనర్’ అనే యుద్ధపు ఆటను, మరో జట్టు చేత పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్‌ను ఆడించారు. యుద్ధపు ఆట ఆడిన జట్టు ఈ పరీక్షల్లో ఎక్కువగా మెరుగుపడింది. ఆ పత్రానికి పేరు తెచ్చింది ఈ రెండో భాగమే.

తరువాతి కథ అంత సాఫీగా సాగలేదు. 2008లో వాల్టర్ బూట్, ఆయన సహచరులు ఇరవై గంటలకు పైగా ఆడించి చూసినా చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పదేళ్ల తరువాత, అంటే 2018లో, అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నింటినీ గుదిగుచ్చి లెక్కకట్టిన రెండు సమీక్షలు ‘సైకలాజికల్ బులెటిన్’ అనే ఒకే పత్రికలో వెంటవెంటనే వచ్చాయి. బవెలియర్ బృందం పాలుపంచుకున్న సమీక్షలో ఆటగాళ్లకూ ఇతరులకూ మధ్య తేడా సుమారు సగం ప్రామాణిక విచలనం (మనుషుల స్కోర్లు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదిరి ఉంటాయో చెప్పే కొలత) ఉందనీ, కొత్తవారికి ఆట నేర్పితే వచ్చే మెరుగుదల ఒక ప్రామాణిక విచలనంలో మూడో వంతు దగ్గర ఉందనీ తేలింది. జొవానీ సాలా, ఫెర్నాండ్ గోబెట్ బృందం సమీక్షలో మాత్రం శిక్షణ వల్ల వచ్చేది దాదాపు శూన్యమని తేలింది. ఇంచుమించు ఒకే రంగపు ప్రయోగాల నుంచి ఇలా భిన్నమైన ముగింపులు ఎలా వచ్చాయని మీరు అడగవచ్చు. ఏ ఆటను ‘యాక్షన్’ ఆటగా లెక్కించాలి, ఏ ప్రయోగాన్ని వదిలేయాలి, ప్రచురణకు నోచుకోని ప్రతికూల ఫలితాలను ఎలా అంచనా వేయాలి అన్న నిర్ణయాలను బట్టి అంకెలు మారిపోతాయి.

ఇంకొక చిక్కు కూడా ఉంది, దీని గురించి పత్రికల్లో రాసేవారు తక్కువ. మందుల పరీక్షల్లో రోగికి తాను మింగినది మందో ఉత్త మాత్రో తెలియకుండా జాగ్రత్త పడవచ్చు. ఆటల ప్రయోగంలో అది కుదరదు, ఎందుకంటే తాను శత్రువులను కాలుస్తున్నాడో ముక్కలు పేర్చుతున్నాడో ఆడేవాడికి తెలుసు. ఏ ఆట ఏ పరీక్షలో తనకు ఉపకరిస్తుందో కూడా అతను ఊహించగలడు, ఆ ఊహకు తగ్గట్టుగానే కష్టపడగలడు.

నా అంచనా అడిగితే, దృశ్య శ్రద్ధలో కొంత మెరుగుదల నిజంగానే ఉంది గాని అది చిన్నది. అసలు సంగతి వేరే ఉంది. ఆ ప్రయోగాలు కొలిచింది సెకనులో పదో వంతు కాలంలో కంటికి ఏం చిక్కిందన్నదే. అంతగా రుచించని పాఠాన్ని అరగంట పాటు ఓపికగా చదివి, మొదటి పేరాకూ చివరి పేరాకూ ముడి వేయగలగడాన్ని కూడా మనం ఏకాగ్రత అనే అంటాం గాని, ఆ ప్రయోగాల్లో ఎవరూ దాన్ని కొలవలేదు. 2007లో అమెరికాలో శస్త్రవైద్యుల మీద జరిగిన ఒక పరిశీలనను కూడా తరచు చెబుతుంటారు. ఒకప్పుడు వారానికి మూడు గంటలకు మించి ఆటలు ఆడినవారు లాపరోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి, తెర మీద చూస్తూ చేసే శస్త్రచికిత్స) అభ్యాసంలో 37 శాతం తక్కువ తప్పులు చేశారని, పని 27 శాతం వేగంగా ముగించారని అందులో ఉంది. ఆ పరిశీలనలో ఉన్నది 33 మందే, పైగా వారికి ఎవరూ ఆట నేర్పలేదు, ముందే ఉన్న అలవాటును అడిగి తెలుసుకున్నారంతే. అయినా అది నాకు నమ్మదగినదిగానే తోస్తుంది, ఎందుకంటే తెరను చూస్తూ చేతులు కదిపే పనికీ తెరను చూస్తూ చేతులు కదిపే ఆటకూ పోలిక దగ్గరిది. బీజగణితానికి అలాంటి పోలిక ఏదీ లేదు.


సమాధానం
రాసినవారు: నాడీకణం

మెదడు సంగతి నేను రాస్తాను, ఎందుకంటే ఆ వక్త చెప్పిన రెండు మాటలకూ ఆధారాలు ఉన్నాయి, కాకపోతే ఆ ఆధారాలు ఆయన చెప్పినంత దూరం పోవు.

డోపమైన్ అంటే మెదడు కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడానికి వాడే ఒక రసాయనం. దాని మాట 1998 నాటిది. లండన్‌లో ఎనిమిది మంది పురుషుల చేత యుద్ధ ట్యాంకును నడిపే ఒక ఆట ఆడిస్తూ పెట్ స్కాన్ (మెదడులో రసాయనాల కదలికను చూపే స్కాన్) తీశారు. డోపమైన్ గ్రాహకాలకు (కణాల మీద డోపమైన్ వచ్చి అంటుకునే చోట్లకు) అంటుకునే రాక్లోప్రైడ్ అనే పదార్థాన్ని శరీరంలోకి పంపి, ఆట సమయంలో అది ఎంత తక్కువగా అంటుకుందో చూసి, ఆ మేరకు సొంత డోపమైన్ విడుదలై ఆ చోటును ఆక్రమించిందని లెక్కవేశారు. ఆ పెరుగుదలను పరిశోధకులే యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందు ఇంజెక్షన్‌తో పోల్చారు, మత్తుమందు మాట లోకంలోకి వచ్చింది అక్కడి నుంచే. ఆ పత్రం అబద్ధం చెప్పలేదు. అయితే డోపమైన్ ఊరడం హాని జరుగుతోందనడానికి గుర్తు అనుకోవడమే పొరపాటు. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్, ఆయన సహచరులు కోతుల మీద చేసిన పరిశోధనలను ఆధారం చేసుకుని 1997లో వివరించినట్లు, డోపమైన్‌ను విడుదల చేసే నాడీకణాలు చాలావరకు స్పందించేది సుఖానికి కాదు, ఊహించినదానికీ దక్కినదానికీ మధ్య ఉన్న తేడాకు. అనుకున్నదానికన్నా మేలు జరిగితే స్పందన ఎగుస్తుంది, అనుకున్నట్లే జరిగితే మామూలుగా ఉంటుంది, ఆశించినది దక్కకపోతే పడిపోతుంది. లెక్క కుదిరినప్పుడు పిల్లవాడి ముఖం వెలగడం వెనక కూడా ఈ యంత్రాంగమే ఉంది, అది లేకపోతే అనుభవం నుంచి నేర్చుకోవడమే కుంటుపడుతుంది. యాంఫెటమిన్, కొకెయిన్ వంటివి ఈ లెక్కతో నిమిత్తం లేకుండా, రసాయన బలంతోనే డోపమైన్‌ను పెంచేస్తాయి. ఎన్నిసార్లు తీసుకున్నా అవి ‘ఊహించినదే’ కావు. పోలిక నిలవనిది ఇక్కడే.

అలాగని తయారీదారులకు నేను నిర్దోషులన్న పత్రం రాసి ఇవ్వబోవడం లేదు. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి ఎప్పటికీ పూర్తిగా ఊహకు అందదు కనుక, పైన చెప్పిన సంకేతం చల్లారదు. క్రమం లేని బహుమతికి జంతువులు ఎంతసేపైనా మీట నొక్కుతూనే ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ కాలం నుంచీ తెలుసు. లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి తెరిపించే ‘లూట్ బాక్స్’ పెట్టెలు నిలబడింది సరిగ్గా ఈ సూత్రం మీదే, అందుకే 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ కొన్ని ఆటల్లోని ఇలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని ప్రకటించింది. మీ అబ్బాయి ఆడే ఆటలో అవి ఉన్నాయా అన్నది ఆటలో తుపాకులు ఉన్నాయా అన్నదానికన్నా ముఖ్యమైన ప్రశ్న అని నేను అనుకుంటాను.

ఇక కుంచించుకుపోయే భాగం. అది హిప్పోక్యాంపస్. దారులు గుర్తుంచుకోవడానికీ, జరిగిన సంఘటనలను జ్ఞాపకంగా నిలుపుకోవడానికీ అది కావాలి. 2014లో జర్మనీకి చెందిన సిమోన్ క్యూన్ బృందం, యువతీయువకుల చేత రెండు నెలల పాటు రోజుకు కనీసం అరగంట ‘సూపర్ మారియో 64’ ఆడిస్తే, హిప్పోక్యాంపస్ కుడి భాగంలోనూ ముందు మెదడులో ఒక చోటా చిన్నమెదడులోనూ బూడిదరంగు పదార్థం (నాడీకణాలు ఎక్కువగా ఉండే పొర) పెరిగిందని స్కాన్‌లలో చూపింది. 2018లో కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన గ్రెగ్ వెస్ట్, వెరొనీక్ బోబో బృందం 90 గంటల పాటు తుపాకుల ఆటలు ఆడించింది. చుట్టూ ఉన్న గుర్తులను బట్టి స్థలాన్ని మనసులో చిత్రించుకునే స్వభావం ఉన్నవారిలో హిప్పోక్యాంపస్ పెరగగా, ‘ఇక్కడ కుడికి, అక్కడ ఎడమకు’ అని అలవాటు మీద నడిచే స్వభావం ఉన్నవారిలో అదే భాగం తగ్గింది. అదే పరిశోధనలో మారియో తరహా ఆట ఆడినవారిలో తగ్గుదల కనిపించలేదు. మీ మరిదిగారికి ఒక సగం, ఆ వక్తకు మరో సగం దొరికాయి, మీరు అడిగిన ‘రెండూ ఎలా నిజమవుతాయి’ అన్నదానికి ఇదే జవాబు. ఆట పేరు కన్నా, ఆడేవాడు దారి వెతుక్కోవడానికి మెదడులోని ఏ యంత్రాంగాన్ని వాడుతున్నాడన్నది ఫలితాన్ని నిర్ణయించింది.

ఇందులో ఏ పరిశోధనలోనూ పిల్లలు లేరని గమనించండి, అందరూ పెద్దవారే. పైగా స్కాన్‌లో కనిపించే కొద్దిపాటి హెచ్చుతగ్గును నేరుగా తెలివికి కొలతగా తీసుకోకూడదు. ఆట ఆడుతుంటే మెదడు ‘వెలుగుతుంది’ అని చూపించే రంగుల బొమ్మల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1992లో రిచర్డ్ హయర్ బృందం టెట్రిస్ మీద చేసిన ప్రయోగంలో, కొన్ని వారాల సాధన తరువాత స్కోరు ఎన్నో రెట్లు పెరిగినా మెదడు ఖర్చు చేసే గ్లూకోజ్ మాత్రం తగ్గింది. నేర్చిన మెదడు తక్కువ ఇంధనంతో పని ముగిస్తుంది, కాబట్టి ఎక్కువ వెలగడమే మేలు అనుకోవడానికి వీల్లేదు.

వ్యసనం సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రోగాల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది. అయితే దానికి గంటల లెక్క ప్రమాణం కాదు. ఆట మీద అదుపు కోల్పోవడం, మిగతా జీవితమంతా దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా కొనసాగించడం అనేవి మామూలుగా ఏడాది పాటు ఉండి, జీవితాన్ని గట్టిగా దెబ్బతీస్తేనే అది రోగం. రోజూ ఆడే పిల్లల్లో అత్యధికులు ఈ కోవలోకి రారు.


సమాధానం
రాసినవారు: నల్లబల్ల

నేను బడిలో పాఠాలు చెబుతాను. మెదడు స్కాన్‌ల మీద జరిగే చర్చలో సగమైనా ఆ పిల్లవాడి దినచర్య మీద జరగదే అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, ఎందుకంటే చదువు విషయంలో నాకు తెలిసినంతలో అత్యంత శుభ్రంగా చేసిన ప్రయోగం దినచర్యకు సంబంధించినదే.

2010లో అమెరికాలో రాబర్ట్ వైస్, బ్రిటనీ సెరాంకోస్కీ అనే పరిశోధకులు, ఇంట్లో అంతవరకు గేమ్ కన్సోల్ (టీవీకి తగిలించి ఆటలు ఆడే పరికరం) లేని, కొనాలనే ఆలోచన ఉన్న కుటుంబాలను ఎంచుకున్నారు. ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య వయసున్న 64 మంది అబ్బాయిలలో కొందరికి చీటీ తీసినట్లుగా ఎంపిక చేసి కన్సోల్‌ను వెంటనే ఇచ్చారు, మిగతావారికి నాలుగు నెలలు గడిచాక ఇచ్చారు. ముందుగా అందుకున్నవారు ఆ నాలుగు నెలల చివర చదవడంలోనూ రాయడంలోనూ రెండో జట్టు కన్నా వెనకబడ్డారు, వారికి చదువులో ఇబ్బందులున్నాయని ఉపాధ్యాయులు కూడా ఎక్కువగా చెప్పారు. ఎవరికి ముందు ఇవ్వాలన్నది పిల్లవాడి తెలివిని బట్టో ఇంటి పద్ధతిని బట్టో కాక యాదృచ్ఛికంగా నిర్ణయించారు కనుక, చదువు రానివాడే ఆటలు ఆడతాడన్న వాదన ఇక్కడ నిలవదు. ఆటలకు పోయిన సమయమే చదవడం, రాయడంలోని ఆ తేడాలో కొంత భాగాన్ని వివరించింది. అంటే మెదడు చెడిపోయి వెనకబడలేదు, బడి వదిలాక పుస్తకానికి దక్కే సమయం ఆటకు పోయింది. ఆరేడేళ్ల వయసులో చదవడం ఇంకా అలవాటుగా స్థిరపడదు, దానికి కావలసింది రోజువారీ సాధన, ఆ సాధనే కోతపడింది. పదమూడేళ్లవాడికి ఇది అంతే బలంగా వర్తిస్తుందని నేను చెప్పలేను గాని, చదవడం ఇంకా కష్టంగా ఉన్న పిల్లలకు ఏ వయసులోనైనా వర్తిస్తుందని నా అభిప్రాయం.

రెండోది నిద్ర. 2007లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో జర్మన్ పరిశోధకులు, బడికి వెళ్లే పదకొండు మంది పిల్లల చేత ఒక సాయంత్రం గంటసేపు ఉద్వేగభరితమైన కంప్యూటర్ ఆట ఆడించి, ఇంకో సాయంత్రం సినిమా చూపించి, రాత్రి నిద్రను నమోదు చేశారు. ఆట ఆడిన రాత్రి గాఢనిద్ర తగ్గింది, అంతకుముందు నేర్చుకున్న మాటలు గుర్తుండడం కూడా తగ్గింది. సినిమా ప్రభావం అంత లేదు. పిల్లల సంఖ్య చాలా తక్కువని ఒప్పుకుంటాను. అయితే పగలు నేర్చినది నిద్రలో స్థిరపడుతుందన్నది ఈ ఒక్క ప్రయోగం మీద ఆధారపడిన మాట కాదు. 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం టెట్రిస్ ఆడించిన వారిలో చాలామందికి కునుకు పట్టే వేళ కళ్ల ముందు ముక్కలు పడుతూ కనిపించాయి. వారిలో, ఆట ఆడిన సంగతే గుర్తుంచుకోలేని మతిమరుపు రోగులు కూడా ఉండడం ఆశ్చర్యం. మెదడు ఆ రోజు దేనిలో మునిగిందో దాన్నే నిద్రలోకి తీసుకుపోతుంది.


మళ్లీ అడిగినవారు: ఇంటిపట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. లూట్ బాక్స్ పెట్టెల సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు, చూశాను, ఆ ఆటలో ఉన్నాయి. మీ మాటలను బట్టి ఆటలో నేర్చినది ఆటకే పనికివస్తుందని నాకు అర్థమైంది. అయితే మైన్‌క్రాఫ్ట్‌లో వాడు ఎవరూ చెప్పకుండానే తలుపులు వాటంతట అవే తెరుచుకునే ఏర్పాటు చేశాడు, దానికోసం ఏవేవో వెతికి ఇంగ్లీషులో చదివాడు. ఇదంతా చదువు కిందికి రాదా? అలాగే యాప్‌ల ప్రశ్న మిగిలిపోయింది.


సమాధానం
రాసినవారు: పాచికలు

పిల్లల చదువుకు ఉపకరించే ఆటలు తయారు చేయడం నా వృత్తి, కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటే క్షమించండి. ‘ఆటలో నేర్చినది ఆటకే’ అన్న మాటను ఆటల మీద నేరంగా మోపడం నాకు న్యాయంగా తోచదు. 1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక రకం ఆకారాల వైశాల్యాన్ని అంచనా వేయడం నేర్పి చూస్తే, ఆకారం, పరిమాణం మారగానే ఆ నైపుణ్యం చాలావరకు జారిపోయింది. అప్పటికి వీడియో గేములు పుట్టలేదు. బడిలో నేర్చిన త్రైరాశికాన్ని బయట వాడలేని పిల్లలు ఎందరో ఉన్నారు. నేర్చినది నేర్చిన చోటే నిలిచిపోవడం మనిషి మెదడు స్వభావం, దాని మీద విజయం సాధించిన బోధనా పద్ధతులు తక్కువ.

మంచి ఆట తన హద్దులో ఎంత గట్టిగా నేర్పగలదో చూడండి. తప్పు చేసిన క్షణంలోనే తప్పు తెలుస్తుంది, కష్టం ఆడేవాడి స్థాయికి ఒక్క మెట్టు పైనే ఉంటుంది, ఓడిపోతే పోయేదేమీ ఉండదు కనుక మళ్లీ ప్రయత్నించడానికి జంకు ఉండదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసిన ‘ఫోల్డిట్’లో ఆటగాళ్లు ప్రొటీన్ అణువులను మడతపెట్టాలి. కోతులలో ఎయిడ్స్ వంటి వ్యాధికి సంబంధించిన ఒక వైరస్ ఎంజైము నిర్మాణం శాస్త్రవేత్తలకు పదేళ్లకు పైగా కొరుకుడు పడలేదు. ఫోల్డిట్ ఆటగాళ్లు మూడు వారాల్లో ఇచ్చిన నమూనాల ఆధారంగా అది తేలింది, ఫలితం 2011లో వెలువడింది. వారిలో చాలామందికి జీవరసాయన శాస్త్రంతో ముందు పరిచయం లేదు. ఇక్కడ ఒకచోట నేర్చినదాన్ని మరోచోటికి బదలాయించే సమస్యే రాలేదు, ఎందుకంటే ఆటా అసలు పనీ ఒకటే.

మార్కెట్లో చదువు పేరుతో దొరికే ఆటల్లో ఎక్కువ భాగం ఇందుకు విరుద్ధంగా ఉంటాయి. రాక్షసుణ్ణి చంపు, తరువాత ఒక గుణకారం చెయ్యి, మళ్లీ రాక్షసుణ్ణి చంపు. పిల్లవాడు గుణకారాన్ని దాటాల్సిన అడ్డంకిగా చూస్తాడు, చూడక ఏం చేస్తాడు. 2011లో ఇంగ్లండ్‌కు చెందిన జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఎయిన్స్‌వర్త్ ఒకే ఆటకు రెండు రూపాలు చేసి పరీక్షించారు. ఒకదానిలో ఎదురయ్యే శత్రువు మీద ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని శేషం లేకుండా భాగించే ఆయుధాన్ని ఎంచుకుంటేనే అతను ఓడిపోతాడు. రెండోదానిలో పోరాటం వేరు, భాగహారపు ప్రశ్నలు వేరు. మొదటిది ఆడిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, ఇష్టమొచ్చినది ఎంచుకోమంటే దాన్నే ఎన్నో రెట్లు ఎక్కువసేపు ఆడారు.

మీ అబ్బాయి తలుపుల సంగతికి వస్తే, మైన్‌క్రాఫ్ట్‌లో రెడ్‌స్టోన్ అనే పదార్థంతో చేసే ఏర్పాట్లు నిజానికి తర్క వలయాలే. రెండు మీటలూ నొక్కితేనే తెరుచుకునే తలుపు, ఏ ఒక్కటి నొక్కినా తెరుచుకునే తలుపు అనేవి కంప్యూటర్ చదువులో మొదటి పాఠాలు. అయితే వాడికి ఆ సంగతి తెలియదు. దాని పేరేమిటో, అదే తర్కం లెక్కల పుస్తకంలో ఎక్కడుందో పెద్దవాళ్లు ఎవరైనా చూపిస్తేనే ఆ నైపుణ్యం ఆట గోడ దాటుతుంది. ఇంగ్లీషు చదవడం మాత్రం ఎవరి సాయమూ లేకుండానే దాటుతుంది, చదవడమంటే ఎక్కడైనా చదవడమే.


సమాధానం
రాసినవారు: కొలబద్ద

పాచికలు గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఒక్క హెచ్చరిక చేర్చాలి. చదవడంలో ఇబ్బంది పడే డిస్లెక్సియా పిల్లలకు యాక్షన్ ఆటలు మేలు చేస్తాయని 2013లో ఇటలీ నుంచి వచ్చిన పరిశోధన ఒకటి చాలా ప్రచారం పొందింది. పన్నెండు గంటలు ఆడాక ఆ పిల్లలు వేగంగా చదవగలిగారు. అయితే ఒక్కొక్క జట్టులో ఉన్నది పదేసి మందే. ఇలాంటి ఫలితాన్ని చూసి చదవడం నేర్పే పద్ధతులను పక్కన పెట్టకూడదు.

యాప్‌ల విషయంలో ఆధారాలు ఇంతకన్నా స్పష్టంగా ఉన్నాయి. 2010లో ఏడ్రియన్ ఓవెన్ బృందం బీబీసీ సాయంతో 11,430 మంది చేత ఆరు వారాల పాటు మెదడు వ్యాయామాలు చేయించింది. ఏ వ్యాయామం చేశారో దానిలో అందరూ మెరుగుపడ్డారు, దానికి దగ్గరి పోలిక ఉన్న ఇతర పరీక్షల్లో కూడా ఆ మెరుగుదల కనిపించలేదు. 2016 జనవరిలో లుమాసిటీ అనే యాప్ తయారీదారులు, బడిలోనూ ఉద్యోగంలోనూ రాణిస్తారనీ వయసుతో వచ్చే మతిమరుపు తగ్గుతుందనీ చేసిన ప్రకటనలకు తగిన ఆధారాలు లేవన్న ఆరోపణ మీద, వినియోగదారుల రక్షణను చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. దీనికి భిన్నంగా కనిపించేది ఒకటి ఉంది. శ్రద్ధలోపం ఉన్న 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు వైద్యుడి చీటీ మీద ఇచ్చేలా ‘ఎండెవర్‌ఆర్‌ఎక్స్’ అనే ఆటను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జూన్‌లో అనుమతించింది. అందులోనూ మెరుగుదలను ప్రధానంగా కొలిచింది కంప్యూటర్ మీద జరిగే శ్రద్ధ పరీక్షతోనే. అది మిగతా చికిత్సలతో పాటు వాడవలసినది, వాటికి బదులు కాదు.

మీ అబ్బాయికి వీటిలో ఏదీ అవసరం లేదు. జ్ఞాపకశక్తి పెరగాలంటే పాఠం మూసి, అందులో ఏముందో చూడకుండా రాయమనండి. 2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు చూపినట్లు, మళ్లీ మళ్లీ చదివినవారికన్నా ఇలా గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తరువాత పాఠం ఎక్కువగా గుర్తుంటుంది. దీనికి చందా కట్టనక్కరలేదు.


సమాధానం
రాసినవారు: నల్లబల్ల

వేళల గురించి కూడా చెప్పి ముగిస్తాను. పడుకునే ముందు ఆట విషయంలో అన్ని ప్రయోగాలూ ఒకే మాట చెప్పవు. ఆస్ట్రేలియాలో కౌమార వయసు అబ్బాయిల మీద 2010లో జరిగిన ప్రయోగంలో 50 నిమిషాల ఆట నిద్ర పట్టే సమయాన్ని కొద్ది నిమిషాలు మాత్రమే వెనక్కి నెట్టింది. అదే దేశంలో 2013లో 50 నిమిషాల ఆటను 150 నిమిషాల ఆటతో పోల్చినప్పుడు మాత్రం ఎక్కువసేపు ఆడిన రాత్రి నిద్ర సుమారు అరగంట తగ్గింది. కాబట్టి రాత్రి పూట ఆట ఉందా లేదా అన్నదానికన్నా అది ఎంతసేపు సాగిందన్నది చూడాలి.

నిమిషాల్లో గడువు పెడితే తగాదా తప్పదు. జట్టుగా ఆడే ఆటను మధ్యలో ఆపడం కుదరదు, ఆపితే స్నేహితుల దగ్గర మాట పోతుంది, అది వాడికి చిన్న విషయం కాదు. ‘ఇంకో పది నిమిషాలు’ అని గాక ‘ఇంకో ఒక్క మ్యాచ్’ అని ఒప్పందం చేసుకోండి, ఆ మ్యాచ్ మామూలుగా ఎంతసేపు నడుస్తుందో ముందే వాణ్ణే అడిగి తెలుసుకోండి. మైన్‌క్రాఫ్ట్‌ను ఒక్కడే ఆడుతున్నప్పుడు ఎక్కడైనా ఆపవచ్చు, ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు, అందువల్ల రాత్రి భోజనం తరువాత ఆడతానంటే దాన్ని అనుమతించి, జట్టు ఆటను సాయంత్రానికే పరిమితం చేయడం తేలిక. లూట్ బాక్స్ పెట్టెల విషయంలో మాత్రం బేరం వద్దు. ఫోన్ అమరికల్లో కొనుగోళ్లకు మీ పాస్‌వర్డ్ తప్పనిసరి చేయండి, ఎందుకు చేశారో వాడికి కూడా చెప్పండి.